నార్బొన్ ధర్మాసనమున ఎర్మెన్‌గార్ద్

1134 జూలై మాసమున, ఆరగాన్ రాజునకు తోడుగా స్పెయిను దేశపు ఫ్రాగా దుర్గము ముట్టడికేగిన నార్బొన్ ప్రభువు రెండవ ఎమెరీ రణరంగమున నేలకొరగునప్పటికి, ఆయనకు కుమారులెవ్వరును మిగిలి యుండలేదు. శైశవము పూర్తిగా వీడని ఎర్మెన్‌గార్ద్ అను కూతురును, ఆమెకు చెల్లెలైన ఎర్మెసిందు అను మరియొక బాలికయు మాత్రమే యుండిరి. ఆ పసిబాలికకు సంక్రమించిన రాజ్యమో, సామాన్యమైనది కాదు. క్రీస్తునకు పూర్వము 118వ యేట రోమనులు స్థాపించిన యా పట్టణము మధ్యధరా సముద్రతీరమునకు చేరువను, ఇటలీనుండి స్పెయినునకు పోవు ప్రాచీన రాజమార్గముపైన వెలసి, ఉప్పుమడుల రాబడితోను, రేవుసుంకములతోను తులతూగుచుండెను. జెనోవా, పీసా వర్తకుల నావలు వచ్చుచుండెను. యూదు పండితుల విద్యాపీఠము దూరదేశములందును ఖ్యాతి గడించెను. పట్టణాధికారమునందు ప్రధాన మతాచార్యునకును భాగము కలదు.

ఇట్టి సంపదకు వారసురాలు బాలికయైనచో ఇరుగుపొరుగు ప్రభువులు ఊరకుందురా? తులూజ్ ప్రభువు ఆల్ఫోన్స్ జోర్దాన్ 1139లో నార్బొన్‌ను స్వాధీనపరచుకొని, 1142లో ఆమెను వివాహమాడుటకు పూనుకొనెను. నాటి రాజనీతిలో అనాథయైన యువరాణి యనగా పట్టాతో కూడిన పొలమే. చేయి పట్టుకొన్నవానికి భూమియు దక్కును. అయితే తులూజ్ బలము పెరుగుట గిట్టని దక్షిణ దేశపు ప్రభువులు ఏకమై ఆల్ఫోన్స్‌ను బంధించి, 1143 నాటి సంధితో నార్బొన్‌ను విడిపించి, ఆమెను బెర్నార్ ద్ ఆందూజ్ అను ప్రభువునకిచ్చి పెండ్లి చేసిరి. ఈ భర్త పేరు తరువాతి శాసనపత్రములలో నరుదుగా కానవచ్చును. రాజ్యభారము నామెయే వహించెనని చెప్పుటకు ఇంతకంటె సాక్ష్యము వలదనుకొందును.

ఆమె యేలిన తీరు రెండు విషయములలో చక్కగా తెలియును. ఆ ప్రాంతమున దుర్గాధిపతులు తమ ప్రభువునకు విశ్వాసప్రమాణము చేయునప్పుడు, తమ తల్లి పేరును ప్రభువు తల్లి పేరును ఉచ్చరించుట ఆచారము. అట్టి ప్రమాణములను, భర్తను ముందు నిలుపుకొనక, ఎర్మెన్‌గార్ద్ స్వయముగా స్వీకరించుచుండెను. 1148లో బార్సిలోనా ప్రభువు రామోన్ బెరెంగేర్ టోర్టోసాను ముట్టడించినపుడు ఆ దండయాత్రయందు ఆమెయు పాల్గొనెను. ఇక రెండవది న్యాయనిర్ణయము. 1164 ప్రాంతమున ఆమె అధికారమునకు లోబడుట కిచ్చగింపని యొక ప్రభువు, స్త్రీ ధర్మాసనముపై కూర్చుండి తీర్పు చెప్పరాదను రోమను ధర్మశాస్త్రమును ఎత్తిచూపగా, ఆమె వాదమునకు దిగక నేరుగా ఫ్రాన్సు రాజు ఏడవ లూయీకి విన్నవించుకొనెను. పురుష వారసుడు లేనిచోట స్త్రీ వారసత్వము పొంది భూమి నేలుట తమ రాజ్యమున ఆచారమనియు, ఆమె స్వయముగా విచారణ జరిపి తీర్పు చెప్పవచ్చుననియు రాజు ప్రత్యుత్తరమిచ్చెను. ఉత్తరమున రాజునకు దాక్షిణ్యముకంటె రాజనీతియే యెక్కువయని నా తలంపు: రోమను న్యాయమును నమ్ముకొన్న జర్మనీ చక్రవర్తిపై తన రాజ్యపు ఆచారము మిన్నయని చాటుకొనుటకు, సుదూరమైన దక్షిణమున తన మాటకు విలువ తెచ్చుకొనుటకు, ఆయనకది మంచి యవకాశము. ఎర్మెన్‌గార్ద్‌కు కావలసినది మాత్రము రాజముద్ర గల పత్రము. అది ఆమెకు లభించెను.

లోకమున ఆమె కీర్తి నిలిచినది వేరు విధమున. ఆక్సితాన్ భాషలో పాటలు కట్టిన ట్రూబదూర్ కవులు ఆమె సభ నాశ్రయించిరి. వారిలో పేర్ రోజియే యను కవి ఆమెకొక ముద్దుపేరు పెట్టి గీతములల్లెను. 1151లో జెరూసలేము యాత్రకు పోవుచు ఉత్తరసముద్రమునందలి ఓర్క్‌నీ ప్రభువు రోగ్న్‌వాల్డ్ నార్బొన్‌లో దిగి ఆమెపై పద్యములు చెప్పినట్లు ఆ దేశపు గాథ తెలుపుచున్నది. ఆంద్రే పురోహితుడు లాటినున రచించిన ప్రేమశాస్త్ర గ్రంథమునందు ఆమె ప్రేమవివాదములకు తీర్పరిగా కనబడును. అవి కవికల్పితములని చరిత్రకారులు తలంతురు, కాని జనము మరువనివి అవియే.

సంతానము లేకపోవుటచే ఆమె చెల్లెలి కుమారుడైన ఎమెరీని వారసునిగా నెంచుకొనగా, అతడు 1177లో మరణించెను. అతని సోదరుడు పెద్రో దే లారా ఆ స్థానమునకు వచ్చి, 1192లో అధికారమును పూర్తిగా కైవసము చేసికొనగా, ఎర్మెన్‌గార్ద్ పెర్పిన్యాన్‌కు తరలిపోయి, 1196లో మరణశాసనము వ్రాయించెను. పెద్రో 1194లోనే తన కుమారునకు నార్బొన్ నొప్పగించియుండెను. ఆ లారా వంశీయులే పదునైదవ శతాబ్దము వరకు దానిని పాలించిరి.