కాంతితో చర్మ సౌందర్యం: అపోహలు – వాస్తవాలు

చర్మం మీది మచ్చలు, ఎర్రగా తేలిన సన్నని రక్తనాళాలు, అవాంఛిత రోమాలు, చిన్న ముడతలు తగ్గించడానికి వాడే కాంతి చికిత్సలు ప్రధానంగా మూడు. లేజర్ ఒకే తరంగదైర్ఘ్యం ఉన్న కాంతిని పంపుతుంది. ఐపీఎల్ (ఇంటెన్స్ పల్స్‌డ్ లైట్) యంత్రం కెమెరా ఫ్లాష్ మాదిరిగా సుమారు 500 నుంచి 1200 నానోమీటర్ల దాకా పరుచుకున్న కాంతిని రెప్పపాటులో వదులుతుంది. అందులో అక్కరలేని భాగాన్ని ఫిల్టర్లు ఆపేస్తాయి. ఎల్ఈడీ కాంతి ఈ రెండింటికంటే చాలా బలహీనమైనది, చర్మాన్ని కాల్చేంత వేడి పుట్టించదు. క్లినిక్ బోర్డుల మీద ‘ఫొటోఫేషియల్’ అని కనిపించేది చాలావరకు ఐపీఎల్లే.

లేజర్లు, ఐపీఎల్ ఏ సూత్రం మీద పనిచేస్తాయో 1983లో అమెరికా వైద్యులు రాక్స్ ఆండర్సన్, జాన్ పారిష్ స్పష్టం చేశారు. చర్మంలో కాంతిని పీల్చుకునేవి ముఖ్యంగా చర్మానికి రంగునిచ్చే మెలనిన్, రక్తంలోని హిమోగ్లోబిన్, నీరు. ఒక్కొక్కటి ఒక్కో తరంగదైర్ఘ్యాన్ని ఎక్కువగా పీల్చుకుంటుంది. తగిన కాంతిని, తగినంత తక్కువ సమయం పాటు పంపితే లక్ష్యం మాత్రమే వేడెక్కి దెబ్బతింటుంది; ఆ వేడి పక్కకు పాకేలోపే కాంతి ఆగిపోతుంది. లాభమైనా ప్రమాదమైనా ఈ సూత్రం నుంచే వస్తుంది. యంత్రం గుర్తుపట్టేది రంగునే. ఆ రంగు మచ్చదా, మామూలు చర్మానిదా అన్న తేడా దానికి తెలియదు. ప్రచారంలో ఉన్న అపోహల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క విషయం తెలియకపోవడం వల్ల పుట్టినవే.

‘కాంతి చికిత్సతో తెల్లబడతారు’

ఇది అన్నిటికంటే ఎక్కువ డబ్బు, ఎక్కువ బాధ మిగిల్చే అపోహ. పుట్టుకతో వచ్చిన ఛాయను నిర్ణయించేది జన్యువులు. మెలనిన్ తయారుచేసే కణాలు జీవితాంతం పనిచేస్తూనే ఉంటాయి, చర్మం పైపొర దాదాపు నెలకోసారి కొత్తదవుతూ ఉంటుంది. అందువల్ల కాంతి చికిత్స ఎండకు వచ్చిన మచ్చల్ని పలచబరచగలదు, ముఖమంతా ఒకే తీరుగా కనిపించేలా చేయగలదు. సహజమైన ఛాయను మార్చలేదు. చామనఛాయ ముఖాన్ని తెల్లగా చేస్తామని ఎవరైనా మాట ఇస్తే, ఆ మాట దగ్గరే లేచి రావడం క్షేమం.

‘మంచి మెషిన్ అయితే ఎవరికైనా ఒకటే’

ఎండకు చర్మం స్పందించే తీరును బట్టి చర్మాన్ని రకాలుగా విభజించే ఫిట్జ్‌ప్యాట్రిక్ పద్ధతి 1975లో మొదలైంది. ఇప్పుడు అందులో ఆరు రకాలున్నాయి. ఎండకు ఎర్రబడి కాలిపోయే పాలిపోయిన చర్మం ఒకటో రకం, గాఢమైన నలుపు ఆరో రకం. తెలుగువారిలో ఎక్కువమంది చర్మం నాలుగు, ఐదు రకాల్లోకి వస్తుంది. ఐపీఎల్‌కు పేరు తెచ్చిన ఫలితాలు మాత్రం ప్రధానంగా తెల్లని చర్మం మీద వచ్చినవి. తెల్లని చర్మం మీద గోధుమరంగు మచ్చ ఉంటే కాంతి దాదాపు అంతా మచ్చలోకే పోతుంది. చామనఛాయ చర్మంలో పైపొర నిండా మెలనిన్ ఉంటుంది కాబట్టి, ఎండలో నల్లబట్ట వేడెక్కినట్టు, మచ్చతో పాటు చుట్టూ ఉన్న చర్మమూ వేడెక్కుతుంది. మోతాదు కాస్త మించితే బొబ్బలు లేస్తాయి. అవి మానాక నల్లమచ్చలు నెలల తరబడి ఉండిపోతాయి. ఐపీఎల్ యంత్రంలో చర్మానికి ఆనించే భాగం దీర్ఘచతురస్రంగా ఉంటుంది కనుక ఆ మచ్చలు కూడా అదే ఆకారంలో, వరుసగా అచ్చు వేసినట్టు పడతాయి. మచ్చ పోగొట్టుకోవడానికి వెళ్లిన మనిషి అలాంటి ముఖంతో తిరిగి రావడం చిన్న విషయం కాదు.

అయితే ముదురు ఛాయవారికి కాంతి చికిత్సే పనికిరాదని అనుకోవడమూ తప్పే. తరంగదైర్ఘ్యం పెరిగేకొద్దీ మెలనిన్ కాంతిని తక్కువగా పీల్చుకుంటుంది, కాంతి మరింత లోతుకు వెళ్తుంది. 1064 నానోమీటర్ల ఎన్‌డీ యాగ్ లేజర్‌ను ఈ ఛాయలకు ఎక్కువగా ఎంచుకోవడానికి కారణం ఇదే. తగ్గించిన శక్తి, ఎక్కువసేపు సాగే పల్స్ (ఒక్కో విడత కాంతి), చర్మాన్ని చల్లబరిచే ఏర్పాటు, ముందుగా చెవి వెనకో దవడ కిందో చిన్న చోట పరీక్ష చేసి కొన్ని రోజులు ఆగి చూడటం కూడా ముఖ్యం. ఎండకు కమిలిన చర్మానికి ఆ నలుపు తగ్గేదాకా చికిత్స వాయిదా వేయాలి.

పచ్చబొట్టు ఉన్నవాళ్లకు మరో జాగ్రత్త ఉంది. పచ్చబొట్టు సిరా కాంతిని బాగా పీల్చుకుంటుంది. దాని మీదుగా ఐపీఎల్ పోనిస్తే చర్మం కాలుతుంది. పచ్చబొట్టు తీయడానికి అతి తక్కువ సమయపు పల్సులిచ్చే లేజర్లు వేరుగా ఉన్నాయి. కాటుక, కుంకుమ, మేకప్ కూడా ఆనవాలు లేకుండా కడిగాకే చికిత్సకు కూర్చోవాలి.

‘మంగుమచ్చలకు లేజర్ శాశ్వత పరిష్కారం’

మంగు పైపైన అంటుకున్న రంగు కాదు. ఎండ, గర్భం, హార్మోన్ మాత్రలు, వంశపారంపర్యం కలిసి మెలనిన్ కణాలను నిరంతరం రెచ్చగొట్టే స్థితి అది. కాంతి ఇచ్చే వేడి కూడా ఆ కణాలను రెచ్చగొట్టవచ్చు. అందుకే మొదటి వారాల్లో పలచబడిన మంగు తర్వాత తిరిగి వస్తుంది, కొందరిలో మునుపటికంటే ముదురుగా వస్తుంది. తక్కువ శక్తితో పదేపదే చేసే ‘లేజర్ టోనింగ్’ అతిగా సాగితే ముఖం మీద చిన్న చిన్న తెల్లచుక్కలు పడే ప్రమాదం ఉంది. మంగుకు మొదట చేయాల్సింది ఎండ నుంచి రక్షణ, వైద్యులు రాసిన పూతమందులు. ముదురు ఛాయల్లో కంటికి కనిపించే వెలుతురు కూడా మంగును పెంచుతుంది. కాబట్టి ఐరన్ ఆక్సైడ్ కలిసిన లేతరంగు సన్‌స్క్రీన్, మామూలు సన్‌స్క్రీన్‌కంటే ఎక్కువ ఉపయోగం. లేజర్ ఆ తర్వాతి మాట, అదీ అనుభవమున్న చర్మవైద్యుల చేతిలో.

‘రేడియేషన్ కదా, క్యాన్సర్ వస్తుంది’

చర్మ క్యాన్సర్‌కు కారణమయ్యేది అతినీలలోహిత కాంతి, అంటే 400 నానోమీటర్ల కంటే తక్కువది. ఐపీఎల్‌లో ఫిల్టర్లు దాన్ని ఆపేస్తాయి. సౌందర్య చికిత్సకు సాధారణంగా వాడే లేజర్లూ ఆ పరిధికి బయటే ఉంటాయి. ఇవి క్యాన్సర్ కలిగిస్తాయనడానికి ఆధారాలు లేవు. బొల్లికి, సోరియాసిస్‌కు ఆసుపత్రుల్లో ఇచ్చే 311 నానోమీటర్ల చికిత్స వేరు, అది అతినీలలోహిత కాంతే. అసలు భయపడాల్సింది మరొకటి ఉంది. పెరుగుతున్న, అంచులు చెదిరిన, రంగు మారుతున్న పుట్టుమచ్చను పరీక్షించకుండా లేజర్‌తో చెరిపేస్తే, ఒకవేళ అది క్యాన్సరే అయితే గుర్తించే అవకాశం చేజారుతుంది.

‘ఒక్క సిట్టింగ్‌తో అయిపోతుంది’

ఐపీఎల్‌కు సాధారణంగా మూడు నుంచి ఐదు సిట్టింగులు, మధ్యలో మూడు నాలుగు వారాల విరామం కావాలి. ముడతలు, మొటిమల గుంటల విషయంలో ఫలితం కొత్త కొల్లాజెన్ (చర్మాన్ని బిగుతుగా ఉంచే ప్రొటీన్) మీద ఆధారపడుతుంది. అది నెలల పాటు నెమ్మదిగా ఏర్పడుతుంది. పెళ్లికి వారం ముందు గాఢమైన లేజర్ చేయించుకోవడం ఎర్రదనాన్నీ పొట్టు రాలడాన్నీ పీటల దాకా తీసుకెళ్లడమే. ముఖం సాగిపోవడాన్ని మాత్రం ఐపీఎల్ సరిచేయలేదు.

‘వెంట్రుకలు శాశ్వతంగా పోతాయి’

జరిగేది శాశ్వతంగా తగ్గడం, పూర్తిగా పోవడం కాదు. ఎదుగుదల దశలో ఉన్న నల్లని వెంట్రుకే కాంతిని కుదురు దాకా తీసుకెళ్తుంది. అందుకే విడతలుగా చేస్తారు. నెరిసిన వెంట్రుకలో మెలనిన్ లేదు కాబట్టి దానిమీద లేజర్ పనిచేయదు. చికిత్సకు ముందు నాలుగు నుంచి ఆరు వారాలు వాక్సింగ్, థ్రెడింగ్ మానాలి, ఎందుకంటే అవి లక్ష్యాన్నే పెరికేస్తాయి. షేవింగ్ చేసుకోవచ్చు. పీసీఓడీ ఉన్న స్త్రీలకు హార్మోన్ల సంగతి చూడకుండా గడ్డం మీది రోమాలకు మాత్రమే చికిత్స చేస్తే కొత్తవి వస్తూనే ఉంటాయి. కొందరిలో, ముఖ్యంగా ముదురు ఛాయవారిలో, ముఖం మీదా మెడ మీదా చికిత్స చేసిన చోటి పక్కన ఉన్న నూగు దట్టంగా మారడమూ కద్దు. ఈ సంగతి ముందే చెప్పాల్సిన బాధ్యత చికిత్స చేసేవారిది.

‘మంట పుడితేనే పనిచేసినట్టు’

రబ్బరు బ్యాండు చురుక్కుమని తగిలినట్టుండటం, కొద్ది గంటల ఎర్రదనం మామూలే. ఆగని మంట, బొబ్బ, బూడిదరంగుకు తిరిగిన చర్మం కాలిన గాయానికి గుర్తులు. వెంటనే ఆపి, చల్లబరిచి, వైద్యులకు చూపించాలి. కంటి విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. కంటిపాప చుట్టూ ఉండే రంగు పొరలోనూ మెలనిన్ ఉంటుంది. కనుబొమల దగ్గర తగిన రక్షణ లేకుండా ఐపీఎల్ వాడి ఆ పొరకు శాశ్వత నష్టం జరిగిన కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. గదిలో ఉన్న ప్రతి ఒక్కరికీ కళ్ల రక్షణ ఉండాలి, కనురెప్పల మీద ఈ కాంతి వాడకూడదు. పార్లర్‌లో కొద్దిరోజుల శిక్షణతో ఇదంతా సాధ్యమనుకోవడం పొరపాటు.

‘ఇంట్లో వాడేవి కాబట్టి ప్రమాదం లేదు’

ఇంటి ఐపీఎల్ పరికరాల శక్తి తక్కువ, ఫలితమూ తక్కువే. చాలా పరికరాలు ముదురు ఛాయను సెన్సర్‌తో పసిగట్టి పనిచేయడం మానేస్తాయి. అది లోపం కాదు, రక్షణ. దాన్ని ఏమార్చి వాడకూడదు. ఎల్ఈడీ మాస్కుల్లో నీలికాంతి మొటిమల బ్యాక్టీరియా తయారుచేసే పార్ఫిరిన్లనే పదార్థాల మీద పనిచేస్తుంది. ఎరుపు కాంతి వాపును కొంత తగ్గించగలదు. రెండింటి ఫలితమూ ఒక మోస్తరే. న్యూట్రోజెనా సంస్థ తన మొటిమల లైట్ మాస్క్‌ను 2019లో ముందుజాగ్రత్తగా మార్కెట్ నుంచి వెనక్కి తీసుకుంది. కొన్ని కంటి జబ్బులున్నవారికీ, కాంతికి సున్నితత్వం పెంచే మందులు వాడేవారికీ కంటికి హాని జరగవచ్చన్నది కారణం. డాక్సీసైక్లిన్ వంటి మందులు వాడేవారు, లూపస్ ఉన్నవారు ఏ కాంతి పరికరాన్నైనా ముందు వైద్యులను అడిగే వాడాలి. గర్భిణులు ఈ సౌందర్య చికిత్సలను ప్రసవం తర్వాతికి వాయిదా వేసుకోవడమే ఆనవాయితీ.