పది మిల్లీమీటర్ల ట్యాప్‌కి ఎన్ని చుట్లు?

పొద్దున్నే తార్నాక నుంచి ఉస్మానియా క్యాంపస్‌లోకి నడిచి వెళ్లడం నాకు పాత అలవాటు. ఈమధ్య మనవరాలూ తోడొస్తోంది. నిన్న ఆర్ట్స్ కాలేజీ ముందు కాసేపు కూర్చున్నాం. "తాతా, డ్రిల్లింగ్ మిషన్ మీదే రంధ్రాల్లో మరలూ కోస్తారు కదా, ఆ మరలు కోసే ట్యాప్ బిగించగానే స్పీడు ఎందుకు తగ్గిస్తారు?" అంది. నా ప్రాణం లేచొచ్చింది. 1929లో మొదలైన ఇంజనీరింగ్ కాలేజీ ఉన్న క్యాంపస్ ఇది, పక్కన లాలాగూడలో రైల్వే వర్క్‌షాపు. ఈ స్పీడు లెక్క ఇక్కడ ఎన్ని చేతులు వేశాయో!

బతుకమ్మ ఆడేటప్పుడు రెండు వలయాలు కట్టారనుకో తల్లీ. రెండూ ఒకేసారి ఒక చుట్టు పూర్తి చెయ్యాలంటే బయటి వలయంలో వాళ్లు పెద్ద పెద్ద అంగలు వెయ్యాలి. లావు ట్యాప్ అంచూ అంతే. చుట్లు అవే అయినా ఎక్కువ దూరం కోస్తుంది. లోహాన్ని తాకేది ఆ అంచు వేగమే. మామూలు మెత్తని ఉక్కుకి, హైస్పీడ్ స్టీలు ట్యాప్‌తో, నిమిషానికి 10 మీటర్లు మంచి మొదలు. దాన్ని ట్యాప్ చుట్టుకొలతతో భాగించు. 10 మిల్లీమీటర్ల ట్యాప్‌కి నిమిషానికి సుమారు 320 చుట్లు, 6 మిల్లీమీటర్లదానికి 530.

అదే 10 మిల్లీమీటర్ల మరకు ముందు వేసే 8.5 మిల్లీమీటర్ల రంధ్రానికి వెయ్యి చుట్లు తిప్పినా చెల్లుతుంది. డ్రిల్ బిట్‌ని ఎంత నొక్కాలో మన చేతిలో ఉంటుంది. ట్యాప్‌కి ఆ వీలు లేదు. చార్మినార్ మెలిమెట్లు ఎక్కావుగా? ఒక చుట్టు తిరిగితే ఇంత కిందికి అని ముందే ఖాయం. ఈ ట్యాప్ చుట్టుకి 1.5 మిల్లీమీటర్లు దిగాల్సిందే. 320 చుట్లయితే సెకనుకి 8 మిల్లీమీటర్లు, వెయ్యి అయితే 25. అడుగు మూసిన రంధ్రమైతే, వెనక్కి తిప్పే లోపే ముక్కు అడుగుకి తగిలి పుటుక్కుమంటుంది. నా కుర్రతనంలో, డ్రిల్లు స్పీడు మార్చకుండానే ట్యాప్ దింపాను. విరిగి ఇరుక్కున్న ఆ ముక్క తియ్యడానికి పూట పట్టింది. తప్పు పూర్తిగా నాదే.

ఇంకో సంగతి. ట్యాప్‌లో ఒకేసారి చాలా పళ్లు కోస్తాయి, పొట్టు సన్నని గాడుల్లోంచే రావాలి, వేడికి దారి తక్కువ. అందుకే నూనె. అల్యూమినియానికి కిరసనాయిలు చాలు, వేగమూ ఉక్కుకంటే పెంచొచ్చు. పోత ఇనుము నల్లటి పొడిగా రాలుతుంది, దాన్ని నూనె లేకుండానే కోస్తారు. స్టెయిన్‌లెస్ దగ్గరే జాగ్రత్త. మొద్దుబారిన ట్యాప్ రాసుకుంటే చాలు, ఆ పైపొర ఇంకా గట్టిపడుతుంది. పదునైన ట్యాప్, నిమిషానికి 5 మీటర్లు, మంచి కట్టింగ్ ఆయిల్. నేనైతే అంతకు మించి వెళ్లను.

తిరిగొస్తుంటే తార్నాక చౌరస్తా దగ్గర ఆగింది. "అంటే 10 మిల్లీమీటర్లదానికి స్టెయిన్‌లెస్‌లో 160 చుట్లు, కదా తాతా?"

"అంతే తల్లీ. రంధ్రం అడుగున పొట్టుకి చోటు వదులు, అది మర్చిపోకు."