కాంటాకు ముద్ర, చెత్తగుట్టకు ఒట్టి కాగితమా?

ఎనుమాముల మార్కెట్లో మిర్చి తూచే ఎలక్ట్రానిక్ కాంటాకు చట్టం ప్రకారం ఏటా తనిఖీ జరిగి ముద్ర పడాలి. ఆ ఖర్చు దండుగని ఏ రైతూ అనడు. తూకం తప్పితే పంటే పోతది.

వరంగల్ చెత్త పోసిన మడికొండ డంపింగ్ యార్డుకూ మేం అదే న్యాయం అడుగుతున్నాం. 2016 నాటి నియమాలు రోజుకు 5 టన్నులు దాటే చెత్తకు అనుమతి తప్పనిసరి చేసినయి. గడువు తీరక 60 రోజుల ముందే పునరుద్ధరణకు దరఖాస్తు పెట్టాలన్నయి. ఫీజు, తనిఖీ, నీటి పరీక్ష అన్నీ ప్రజాధనమే.

ఇంత ఖర్చెందుకని కొందరు పెద్దలంటారు. తనిఖీ మానితే ఖర్చు తప్పదు, కూలోడి నెత్తికెక్కుతది: చెడిన బావి, పొగకు దగ్గే బిడ్డ. బావి చూడకుండా ముద్ర గుద్దితే రెండు ఖర్చులూ మనవే.

గడువు ఉండాల్సిందే. బావినీళ్ల లెక్క జనం ముందర చదివాకే అనుమతి ఇవ్వాలి.