తీగల కింద చూడి బర్రె

ఎడపల్లి నుంచి బోధన్ పోయే దారిలో వరి మళ్ల మీదుగా, చెరకు తోటల మీదుగా కరెంటు తీగలు సాగుతుంటాయి. వాటి కింద గట్ల మీద బర్రెలు మేస్తాయి. మేసేది చూడి బర్రె అయితే మనసులో ఒక గుబులు. తీగల చుట్టూ పుట్టే అయస్కాంత క్షేత్రం కడుపులోని దూడకు చేటు చేస్తుందా?

శాస్త్రజ్ఞులు దీన్ని కోడిగుడ్ల మీద పరీక్షించారు. పొదగేసిన 48 గంటలకు గుడ్డు పగలగొడితే, పచ్చసొన మీద దారాల్లాంటి నెత్తుటి నాళాలు, వాటి నడుమ కొట్టుకుంటున్న చుక్కంత గుండె కనిపిస్తాయి. అవయవాలు రూపు కట్టే అదను అది. ఆ దశలో బలహీనమైన అయస్కాంత స్పందనలు (ఆగి ఆగి వచ్చే క్షేత్రం) తగిలితే పిండం ఎదుగుదల దెబ్బతింటోందని స్పెయిన్‌లో హోసే డెల్గాడో బృందం 1982లో ప్రకటించింది.

నిజం తేల్చడానికి కెనడా, స్పెయిన్, స్వీడన్, అమెరికాల్లోని ఆరు ప్రయోగశాలలు ఒకే రకం పరికరాలతో అదే పని చేశాయి. ఏ గుడ్డుకు స్పందనలు తగిలాయో పరీక్షించేవాళ్లకు తెలియనివ్వలేదు. 1990లో ఫలితాలు వచ్చాయి. స్పందనలు తగిలిన పిండాల్లో సుమారు 25 శాతం, తగలనివాటిలో సుమారు 19 శాతం లోపాలతో ఉన్నాయి. అయితే తేడా స్పష్టంగా కనిపించింది రెండు చోట్లే.

ఆ 19 శాతాన్ని మరవకూడదు. ఏ క్షేత్రమూ తగలకుండానే దాదాపు ఐదింట ఒక పిండానికి లోపం వచ్చింది. పక్కన పోల్చే గుడ్లు లేకుంటే ఆ నేరమంతా అయస్కాంతం మీదే పడేది.

కడుపులో పిల్లను మోసే జంతువుల సంగతి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో సమీక్షించింది. కొన్ని ప్రయోగాల్లో ఎలుక పిల్లల ఎముకల్లో చిన్న తేడాలు కనిపించినా, 20,000 మైక్రోటెస్లాల బలమున్న క్షేత్రం దాకా పెద్ద అవకరాలు పుట్టలేదని తేల్చింది. తీగల కింద ఉండేది మామూలుగా కొన్ని మైక్రోటెస్లాలే. దూరం జరిగేకొద్దీ అదీ త్వరగా తగ్గిపోతుంది.

కాబట్టి బర్రె ఈసుకుపోతే తీగను తిట్టి ఊరుకోవద్దు. పశువుల డాక్టరుకు చూపించాలి. చూడి చివరి నెలల్లో ఈసుకుపోవడానికి బ్రూసెల్లోసిస్ అనే జబ్బు ఒక ముఖ్య కారణం. మాయను ఒట్టి చేతులతో తీసినా, పచ్చిపాలు తాగినా అది మనుషులకూ సోకుతుంది. పెయ్య దూడలకు 4 నుంచి 8 నెలల వయసులో ఒక్కసారి టీకా వేయిస్తే ఆ ముప్పును చాలావరకు తప్పించవచ్చు.