ఎయిడ్ ఆగిపోయిందన్న ఈమెయిల్ వచ్చాక

మే నెలాఖరు. అమెరికా కాలేజీల్లో స్ప్రింగ్ సెమిస్టర్ గ్రేడ్లు వచ్చేశాయి. పిల్లాడు ఇంటికొచ్చాడు. తింటున్నాడు, పొద్దెక్కేదాకా పడుకుంటున్నాడు, ఎలా అయ్యాయిరా అంటే ‘బానే అయ్యాయి’ అంటున్నాడు. ఆ మాట అంటున్న రోజుకే అతని యూనివర్సిటీ ఈమెయిల్‌లో ఒక ఉత్తరం వచ్చి ఉండొచ్చు. నీ ఫైనాన్షియల్ ఎయిడ్ ఆపేశాం, అప్పీల్ చేసుకోదలిస్తే ఫలానా తేదీలోగా చేసుకో అని. అమ్మానాన్నలకు సంగతి తెలిసేది ఆగస్టులో ఫీజు బిల్లు చూశాకే. అప్పటికి ఆ తేదీ దాటిపోతుంది.

అక్కడ స్థిరపడ్డ తెలుగు ఇళ్లలో, పౌరసత్వమో గ్రీన్ కార్డో ఉన్న పిల్లల చదువుకు ప్రభుత్వ సాయం అందుతుంది. అది పెల్ గ్రాంటు కావొచ్చు, ఫెడరల్ లోను కావొచ్చు, క్యాంపస్‌లో వర్క్ స్టడీ ఉద్యోగం కావొచ్చు. 1965 నాటి ఉన్నత విద్యా చట్టం కింద వచ్చే ఈ సాయం నిలవాలంటే చదువు తగినంతగా ముందుకు సాగుతుండాలి. ఎయిడ్ ఆఫీసుల్లో దీన్ని ‘శాప్’ అంటారు. సాటిస్‌ఫాక్టరీ అకడమిక్ ప్రోగ్రెస్ అన్నదానికి పొట్టిపేరు. గ్రేడ్లు తగ్గడం వల్ల జరిగే నష్టం కన్నా, ఈ శాప్ గురించి మనవాళ్లలో ఒకరి నుంచి ఒకరికి పాకిన తప్పు సమాచారం వల్ల జరిగే నష్టమే పెద్దదని నా నమ్మకం.

అపోహ: జీపీఏ బాగుంటే ఎయిడ్‌కు ఢోకా లేదు. ఏదైనా కోర్సు కష్టంగా ఉంటే మధ్యలో వదిలేసి ‘డబ్ల్యూ’ (విత్‌డ్రా) తీసుకుంటే సరిపోతుంది.

అన్నిటికన్నా ఎక్కువమందిని ముంచే నమ్మకం ఇదే. శాప్‌లో చూసేవి మూడు. మొదటిది జీపీఏ. రెండేళ్లు పూర్తయ్యేసరికి కనీసం సీ సగటు ఉండాలన్నది ఫెడరల్ నియమం, చాలా కాలేజీల్లో అది 2.0. రెండోది వేగం, అంటే మొదలుపెట్టిన క్రెడిట్లలో ఎన్ని పాసయ్యారన్న లెక్క. మూడోది గడువు. డిగ్రీకి కావలసిన క్రెడిట్లకు ఒకటిన్నర రెట్లు మించకుండా చదువు ముగియాలి. 120 క్రెడిట్ల డిగ్రీకి 180 దాకా మాత్రమే సాయం. 180లో 120 పాసవ్వాలంటే మూడింట రెండు వంతులు పాసవుతుండాలి కదా, చాలా కాలేజీలు పెట్టే 67 శాతం వేగం అక్కణ్నుంచి వచ్చిందే.

డబ్ల్యూ జీపీఏను ముట్టుకోదు, నిజమే. కానీ వేగం లెక్కలో అది మొదలుపెట్టి పాసవని కోర్సు. మొదటి ఏడాది 30 క్రెడిట్లు తీసుకున్న అమ్మాయి సంగతి చూడండి. నాలుగేసి క్రెడిట్ల కోర్సులు రెండింట్లో డబ్ల్యూ, మూడు క్రెడిట్ల కోర్సొకటి ఫెయిల్. మిగిలిన 19 క్రెడిట్లలోనూ ఏ గ్రేడే. జీపీఏ 3.45. అమ్మానాన్నలు పొంగిపోయే అంకె. వేగం మాత్రం 30కి 19, అంటే 63 శాతం. ఈ అమ్మాయి శాప్ తప్పినట్టే. అలాగని ఒక్క కోర్సు ఫెయిలవగానే అంతా పోయిందని బెంబేలెత్తనక్కర్లేదు. ఫాల్‌లో 15కి 9 పాసై, స్ప్రింగ్‌లో 15కి 12 పాసైతే మొత్తం మీద 70 శాతం, గట్టెక్కినట్టే.

సెమిస్టర్ మొదటి రోజుల్లో, డ్రాప్ గడువులోపల వదిలేసిన కోర్సు మామూలుగా ఈ లెక్కలోకి రాదు. ఆ గడువు దాటాక వదిలిందే డబ్ల్యూ అవుతుంది. ఇక అన్ని కోర్సులూ వదిలేసి సెమిస్టర్ మధ్యలో వచ్చేస్తే ఇంకో చిక్కు. సెమిస్టర్‌లో 60 శాతం గడవకముందే వెళ్లిపోతే, హాజరైన రోజుల నిష్పత్తి మేరకే ఎయిడ్ దక్కుతుంది. పదిహేను వారాల్లో ఆరు వారాలకే వచ్చేస్తే దక్కేది 40 శాతం. మిగతాది వెనక్కి పోతుంది, కాలేజీ ఆ బాకీని విద్యార్థి ఖాతాలో వేయొచ్చు. వదలక తప్పని పరిస్థితులుంటాయి, కాదనను. ఒంట్లో బాగాలేని బిడ్డను లెక్కల కోసం క్యాంపస్‌లో ఉంచమని ఎవరంటారు? కోర్సులు వదిలే బటన్ నొక్కేముందు ఎయిడ్ ఆఫీసుకు ఒక్క ఫోన్ చేయమనే నా మనవి.

అపోహ: ఒక సెమిస్టర్ ఎయిడ్ తీసుకోకుండా మన డబ్బే కడితే, పాత లెక్క చెరిగిపోతుంది.

చెరగదు. ఎయిడ్ తీసుకోని సెమిస్టర్లు కూడా లెక్కలో ఉంటాయి. సొంత డబ్బు కట్టడం వల్లగానీ, ఒక సెమిస్టర్ ఇంట్లో కూర్చోవడం వల్లగానీ అర్హత తిరిగి రాదు. ఆ కట్టిన సెమిస్టర్‌లో పాసై, మొత్తం అంకెలు ప్రమాణాన్ని అందుకున్నప్పుడే వస్తుంది. ఏటా ఫాఫ్సా అనే ఎయిడ్ దరఖాస్తు నింపుతాం కాబట్టి ఏటా కొత్త లెక్క మొదలవుతుందని అనుకునేవాళ్లూ ఉన్నారు. ఫాఫ్సాలో గ్రేడ్ల ప్రశ్నే లేదు, ఆ లెక్క చూసేది కాలేజీ.

వేసవిలో ఊళ్లోని కమ్యూనిటీ కాలేజీలో రెండు కోర్సులు చేయించడం మనవాళ్లకు బాగా అలవాటైన ఉపాయం. మంచిదే, కాకపోతే సగమే పనిచేస్తుంది. అక్కడ పాసైన క్రెడిట్లను యూనివర్సిటీ ఒప్పుకుంటే, మొదలుపెట్టినవాటిలోనూ పాసైనవాటిలోనూ రెండుచోట్లా కలుస్తాయి. అంటే వేగం మెరుగుపడుతుంది. కానీ అక్కడి గ్రేడును చాలా యూనివర్సిటీలు తమ జీపీఏలో కలపవు. జీపీఏ వల్ల శాప్ తప్పిన పిల్లలకు వేసవిలో ఆ కోర్సులు చేయించి, ఆగస్టులో అంకె కదల్లేదని బాధపడితే ఏం లాభం?

అపోహ: గ్రాంటు పోతే పోయింది, లోను ఎలాగూ వస్తుంది.

ఫెడరల్ లోనూ ఆగుతుంది. తల్లిదండ్రుల పేరు మీద తీసుకునే పేరెంట్ ప్లస్ లోను కూడా పిల్లల శాప్ మీదే ఆధారపడింది. మిగిలేది ప్రైవేటు లోను. శాప్ తప్పినా ఇచ్చే సంస్థలు కొన్ని ఉన్నాయి. ఫెడరల్ లోనులో ఉండే రక్షణలు మాత్రం అందులో ఉండవు. అప్పీల్ సంగతి తేలకుండా దానిమీద సంతకం పెట్టకండి.

అపోహ: కాలేజీ వాళ్లు ఏమీ అనలేదు కాబట్టి ఎయిడ్ కూడా భద్రమే.

డీన్ ఆఫీసు చూసేది వేరు, ఎయిడ్ ఆఫీసు చూసేది వేరు. ఒకరు చదువుకోనిచ్చినా ఇంకొకరు డబ్బు ఆపొచ్చు. రాష్ట్రాల స్కాలర్‌షిప్‌లది మళ్లీ మూడో దారి. జార్జియా సంగతే తీసుకుంటే, అట్లాంటా చుట్టుపక్కల మనవాళ్లెందరో ఆధారపడేది 1993లో లాటరీ డబ్బుతో మొదలైన హోప్ స్కాలర్‌షిప్ మీద. దానికి 2.0 చాలదు, 3.0 నిలవాలి. ఏటా స్ప్రింగ్ చివర, ఇంకా 30, 60, 90 క్రెడిట్లు మొదలుపెట్టిన మజిలీల దగ్గర లెక్క చూస్తారు. ఒకసారి పోయినా తర్వాతి మజిలీకి 3.0 అందుకుంటే తిరిగి వస్తుంది. రెండుసార్లు పోతే ఇక రాదు. హోప్‌కు పైస్థాయి అయిన జెల్ మిల్లర్ స్కాలర్‌షిప్‌కు 3.3 కావాలి, అది తప్పినా 3.0 పైన ఉంటే హోప్ మిగులుతుంది. ఎయిడ్ ఆఫీసుకు రాసే శాప్ అప్పీల్ హోప్‌ను తెచ్చిపెట్టదు. ఇంకో సంగతి, కాలేజీ ట్రాన్‌స్క్రిప్ట్‌లో మళ్లీ రాసిన కోర్సు పాత గ్రేడును కప్పేసినా హోప్ లెక్కలో రెండు గ్రేడులూ ఉంటాయి.

అపోహ: ఎఫ్-1 విద్యార్థి వీసా మీద వెళ్లినవాళ్లకు ఈ గొడవే లేదు.

హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో ఎంఎస్‌కు వెళ్లినవాళ్లకు ఫెడరల్ ఎయిడ్ రాదు కాబట్టి శాప్ బాధ లేని మాట నిజం. కానీ గ్రాడ్యుయేట్ స్కూళ్లలో సాధారణంగా 3.0 ఉండాలి, అది తగ్గితే అసిస్టెంట్‌షిప్పూ దాంతో వచ్చే ఫీజు మినహాయింపూ కదిలిపోతాయి. అంతకన్నా ప్రమాదం, గ్రేడు కాపాడుకోబోయి వీసా హోదా పోగొట్టుకోవడం. యూనివర్సిటీలోని అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసు అనుమతి లేకుండా కోర్సు వదిలి ఫుల్‌టైమ్ కన్నా తగ్గితే హోదా పోతుంది. అమెరికా బోధనా పద్ధతి అలవాటు కాకపోవడం, స్థాయికి మించిన కోర్సులో పడటం, అనారోగ్యం లాంటి కారణాలకు అనుమతి ఇచ్చే వీలు నియమాల్లోనే ఉంది. అడగాల్సింది మాత్రం కోర్సు వదలకముందు.

అపోహ: అప్పీల్ అంటే బతిమాలుకోవడం. పెద్దవాళ్లం వెళ్లి మాట్లాడితే పనవుతుంది.

మన ఇళ్లలో ఈ భావం ఎలా వచ్చిందో నాకు అర్థమవుతుంది. ఇండియాలో కేంద్రం కాలేజీ విద్యార్థులకిచ్చే సెంట్రల్ సెక్టర్ స్కాలర్‌షిప్ ఏటా రెన్యూవల్ కావాలంటే 50 శాతం మార్కులు, 75 శాతం హాజరు ఉండాలి. గీత దాటితే ఉన్నట్టు, దాటకపోతే లేనట్టు. అలాంటి పద్ధతిలో పెరిగినవాళ్లకు ‘ఎందుకు తప్పావో చెప్పు, వింటాం’ అనే నియమం ఒకటుంటుందని తట్టదు.

కొన్ని కాలేజీలు సెమిస్టర్ సెమిస్టర్‌కీ శాప్ చూస్తాయి. అలాంటిచోట మొదటిసారి తప్పితే హెచ్చరికతో ఒక సెమిస్టర్ ఎయిడ్ కొనసాగించవచ్చు, అప్పీల్ కూడా అక్కర్లేదు. ఏడాదికోసారి చూసే చోట ఆ హెచ్చరిక సెమిస్టర్ ఉండదు. అప్పీల్‌కు ఒప్పుకునే కారణాలు నియమంలోనే ఉన్నాయి: బంధువు మరణం, విద్యార్థికి గాయం లేదా జబ్బు, ఇతర ప్రత్యేక పరిస్థితులు. జవాబు చెప్పాల్సిన ప్రశ్నలు రెండే. ఏం జరిగింది? ఇప్పుడు ఏం మారింది?

మొదటి ప్రశ్నకు మన పిల్లలు బోలెడు రాస్తారు, రెండోదానికి ‘ఇకనుంచి బాగా కష్టపడతాను’ అని ఒక్క ముక్కతో సరిపెడతారు. అది చాలదు. ఎయిడ్ ఆఫీసుకు కావలసింది కనిపించే మార్పు. వారానికి పాతిక గంటలు చేసే పని పదికి తగ్గించుకున్నాను, ఆర్గానిక్ కెమిస్ట్రీ వదిలి మేజర్ మార్చుకున్నాను, ట్యూటరింగ్ సెంటర్‌లో పేరు రాయించుకున్నాను, అడ్వైజర్‌తో కూర్చుని వచ్చే రెండు సెమిస్టర్ల కోర్సులు రాసుకున్నాను అని చెప్పి, దానికి కాగితం జతచేయాలి. అక్టోబరులో తాతయ్య పోతే ఏలూరు వెళ్లి మూడు వారాలుండి వచ్చినవాళ్లు విమానం టికెట్టూ, మరణ ధ్రువీకరణ పత్రమూ, అది తెలుగులో ఉంటే అనువాదమూ పెట్టాలి.

ఇక్కడ ఒక్క మాట మనసు విప్పి చెప్పాలి. డిప్రెషన్‌తో మంచం దిగలేని పిల్లల చేత ‘వైరల్ ఫీవర్’ అని రాయించే తల్లిదండ్రులున్నారు. సంబంధాలు చూసేటప్పుడు బయటికి వస్తుందేమోనన్న భయం. ఎయిడ్ ఆఫీసు ఫైలు ఊళ్లో ఎవరికీ చేరదు. కౌన్సెలర్ ఉత్తరం కూడా మిగతా డాక్టర్ల ఉత్తరంలాగే సాక్ష్యం. నిజమైన జబ్బును దాచి లేని జ్వరం రాస్తే అటు సాక్ష్యమూ ఉండదు, ఇటు ఆ బిడ్డకు కావలసిన వైద్యమూ మొదలవదు.

ఉత్తరం పిల్లలే రాయాలి. నాన్న రాసిన ఉత్తరంలో కొడుకు సంగతి కన్నా నాన్న పరువు సంగతి ఎక్కువుంటుంది. పైగా 1974 నాటి ఫెర్పా చట్టం ప్రకారం, కాలేజీలో చేరాక చదువు రికార్డుల మీద హక్కు విద్యార్థిది. ఫీజు మీరే కట్టినా, పిల్లల సమ్మతి లేకుండా ఆఫీసు మీతో ఆ వివరాలు మాట్లాడకపోవచ్చు. మీరు చేయగలిగింది పక్కన కూర్చోవడం, తేదీ గుర్తుపెట్టుకోవడం, కాగితాలు సమకూర్చడం.

అప్పీల్ ఒప్పుకుంటే ఒక సెమిస్టర్ ప్రొబేషన్ ఇస్తారు. ఒక్క సెమిస్టర్‌లో అంకెలు కోలుకోవని తేలితే, సెమిస్టర్‌కు ఇంత పాసవ్వాలని అకడమిక్ ప్లాన్ రాసి, దాన్ని పాటించినంతకాలం సాయం ఇస్తారు. ఒప్పుకోకపోతే పైన విద్యాశాఖకు వెళ్లే దారి లేదు, కాలేజీ మాటే తుదిమాట. అప్పుడు ఒకటో రెండో కోర్సులు సొంత డబ్బుతో చదివి ప్రమాణం అందుకోవాలి. అందుకున్నాక, మిగతా అర్హతలుంటే, ఎయిడ్ మళ్లీ మొదలవుతుంది. దానికి ఏడాది పట్టినా ఆ ఏడాది బిడ్డ కాలేజీలోనే ఉన్నట్టు. అది జరగాలంటే మే నెలాఖరున ‘బానే అయ్యాయి’ అన్నప్పుడు, ‘పోర్టల్ తెరువు నాన్నా, ఏమున్నా ఇద్దరం కలిసే చూద్దాం’ అనగలిగే మనిషి ఒకరు ఆ ఇంట్లో ఉండాలి.