తలుపులు తెరిచిన విద్యుత్ లెక్క

శ్రీ సత్యసాయి జిల్లాలోని హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పరిసరాలు విద్యుత్తును వాడుకోవడమే కాక ఉత్పత్తి కూడా చేస్తున్నాయి. రామగిరి కొండల మీద 1990లలోనే గాలిమరలు వెలయగా, కదిరి వైపున్న నంబులపూలకుంట సౌర పార్కులో 2016లో ఎన్టీపీసీ 250 మెగావాట్ల కేంద్రాన్ని ప్రారంభించింది. అయితే ఎండ సాయంత్రానికి తగ్గిపోతుంది, గాలి నైరుతి రుతుపవనాల నెలల్లో ఉద్ధృతమై తక్కిన కాలంలో సన్నగిల్లుతుంది. ధర్మవరం మరమగ్గాలకు, పెనుకొండ వద్ద ఎర్రమంచి కార్ల కర్మాగారానికి మాత్రం ఏడాది పొడవునా కరెంటు కావాలి. 2070 నాటికి నికర శూన్య ఉద్గారాలను, అంటే వాతావరణంలోకి విడిచే కర్బన వాయువులూ అందులోంచి తొలగించేవీ సరిసమానమయ్యే స్థితిని, సాధిస్తామని భారతదేశం 2021లో ప్రకటించింది. అందుకు ఎక్కడ ఎన్ని సౌర ఫలకాలు, ఎన్ని మరలు, ఎంత నిల్వ, ఏ లైన్లు అవసరమో లెక్కించి తేల్చాలి. ఆ లెక్కను అందరికీ అందుబాటులోకి తెచ్చిన ఓపెన్ సోర్స్ సాధనాల్లో పైప్సా ముఖ్యమైనది.

దీని మూలాలు రేఖీయ ప్రణాళికా గణితంలో ఉన్నాయి. పరిమిత వనరులతో అతి తక్కువ ఖర్చయ్యే మార్గాన్ని వెతికే ఈ గణితానికి 1939లో సోవియట్ శాస్త్రజ్ఞుడు కాంతొరొవిచ్ పునాది వేయగా, 1947లో అమెరికాలో జార్జ్ డాంట్జిగ్ సింప్లెక్స్ పద్ధతిని రూపొందించాడు. విద్యుత్ సంస్థలు ఈ గణితాన్ని చాలాకాలంగా వాడుతున్నా, వాటి సాఫ్ట్‌వేర్లు ఖరీదైనవి, లోపలి సూత్రాలు బయటివారికి కనిపించనివి. ఈ లోటును తీర్చడానికి జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ ఉన్నత అధ్యయనాల సంస్థలో టామ్ బ్రౌన్, యోనాస్ హెర్ష్, డేవిడ్ ష్లాఖ్ట్‌బెర్గర్ పైథాన్ భాషలో పైప్సాను నిర్మించి, 2018 జనవరిలో దాని స్వరూపాన్ని వివరిస్తూ వ్యాసం ప్రచురించారు.

పైప్సా దృష్టిలో ప్రతి సబ్‌స్టేషన్ ఒక కూడలి, ప్రతి లైను రెండు కూడళ్లను కలిపే దారి. ఏడాదిలోని 8,760 గంటల్లో ప్రతి గంటకూ ప్రతి కూడలిలో ఉత్పత్తి, నిల్వ, వాడకం, రాకపోకలు సరితూగాలని, లైన్లలో ప్రవాహం విద్యుత్ వలయాలకు వర్తించే కిర్కాఫ్ నియమాలకు లోబడాలని, ఉద్గారాలు విధించిన హద్దు దాటరాదని షరతులు పెట్టి, వాటన్నిటినీ తీర్చే అతి చౌక ఏర్పాటును అది కనిపెడుతుంది. ఫలితాన్ని పటంగా గీసినప్పుడు కూడలి వద్ద వృత్తం పరిమాణం ఉత్పత్తి సామర్థ్యాన్ని, గీత మందం లైను సామర్థ్యాన్ని చూపుతాయి కనుక, అంకెల పట్టికలు చదవలేనివారికీ ప్రణాళిక అర్థమవుతుంది.

క్రమంగా దీని చుట్టూ ఒక సాధన కుటుంబం ఏర్పడింది. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో పుట్టిన హైస్ సమీకరణాలను సాధిస్తుంది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ లైన్ల ఆచూకీ ఇస్తుంది. అట్‌లైట్ వాతావరణ రికార్డులను గంటవారీ సౌర, పవన ఉత్పత్తిగా మారుస్తుంది. ప్రపంచంలో ఏ దేశానికైనా నమూనా కట్టగల పైప్సా-ఎర్త్ గురించిన పరిశోధన వ్యాసం 2023లో వెలువడింది.

అట్‌లైట్ ఎక్కువగా ఆధారపడే ఎరా-5 వాతావరణ రికార్డు భూమిని పావు డిగ్రీ గడులుగా విభజిస్తుంది; ఆ లెక్కన హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడు వేర్వేరు గడుల్లోకి వస్తాయి. అయినా ఒక్కో గడిలో కొండ శిఖరపు గాలీ లోయ గాలీ కలిసి ఒకే సగటుగా మారతాయి గనుక, రామగిరి శిఖరాల అసలు బలం అందులో పూర్తిగా కనిపించదు. అందుచేత ఈ ప్రాంతపు ఇంజినీరింగ్ కళాశాలలు ఈ సాధనాన్ని నేర్పి, కొండల మీద కొలిచిన గాలి వేగాన్ని, ఫీడర్లవారీ వాడకాన్ని, బోరు మోటార్లు నడిచే వేళలను అందులో చేర్చడం అవసరం. సౌర పార్కులకు వేల ఎకరాలు కోరే ప్రణాళికను ఆ నేల మీద బతికేవారు పరీక్షించి ప్రశ్నించగలిగినప్పుడే నికర శూన్యం నిజంగా ప్రజల నిర్ణయమవుతుంది.