ఇంజిన్ ఒకటి, ట్రాలీలు రెండు: సముద్రంలో టగ్ లెక్క

మన మార్కాపురం, గిద్దలూరు వైపు సముద్రం లేదు కానీ ట్రాక్టర్ తెలుసుగా? ఒక ట్రాలీలో పలక రాయి నింపుతుంటే ఇంజిన్ ఖాళీగా నిలబడదు, ఇంకో ట్రాలీ తగిలించుకుని పోతుంది. టగ్, బార్జి కథ కూడా అదే.

2024 నవంబరులో 'సీజ్ ద షిప్' వీడియో చూశారు కదా? ఆ స్టెల్లా ఎల్ ఓడ కాకినాడ ఒడ్డున లేదు, దూరంగా సముద్రంలో లంగరేసి ఉంది. అదే యాంకరేజ్ పోర్టు. ఒడ్డున బియ్యం బస్తాలు బార్జిలోకి ఎక్కిస్తారు, టగ్ దాన్ని లాక్కెళ్తుంది, ఓడ క్రేన్ పైకి తీసుకుంటుంది. హోప్ ఐలాండ్ అడ్డుగా ఉండబట్టి అలలు తక్కువ, లేకపోతే ఈ పని కష్టమే.

బార్జి దాదాపు ఇనప డబ్బా. డబ్బు మింగేది టగ్గే: ఇంజిన్, డీజిల్, జీతాలు. అందుకే బార్జి ఆగినా పర్లేదు, టగ్ ఆగకూడదు.

ఇంకోటి, నిదానం. నీళ్లలో వేగం సగం చేస్తే కావాల్సిన పవర్ సుమారు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. టైమ్ డబులైనా, అదే దూరానికి డీజిల్ దాదాపు నాలుగో వంతే!

మరి నష్టం? బస్తాను రెండుసార్లు ఎత్తాలి. వానొస్తే పని బంద్. గడువు దాటితే ఓడకు డెమరేజ్, రోజుకు వేల డాలర్లు. ఎగుమతిదారు దాన్ని ఎక్కడ రాబట్టుకుంటాడు? ధాన్యం రేటులోనే కదా.

ఓడలు క్యూ కట్టడంతో 2021 ఫిబ్రవరిలో పక్కనున్న డీప్ వాటర్ పోర్టులోనూ బియ్యం ఎగుమతికి అనుమతిచ్చారు. అక్కడ ఓడ నేరుగా బెర్తుకే వస్తుంది. అటు పోయిన ప్రతి ఓడా బార్జిలవాళ్లకు ఒక బేరం తగ్గినట్టే.